సఫారీకి ఏ నెలలో బయలుదేరాలి?

"పులి కనిపించాలంటే ఏ నెలలో వెళ్లాలి?" అని అడిగేవారికి ఒక్క మాటలో జవాబు చెప్పడం నాకు ఇంతవరకు చేతకాలేదు. ఏప్రిల్ అని చెబితే తాడోబా పులుల అడవికి సరిపోతుంది గాని పక్షుల సరస్సు పులికాట్‌కు సరిపోదు. డిసెంబరు అని చెబితే నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) కనువిందు చేస్తాయి గాని, అదే డిసెంబరులో కజిరంగా గడ్డి ఏనుగును సైతం దాచేసేంత ఎత్తున నిలబడి ఉంటుంది. కాబట్టి నెల పేరు చెప్పడం మానేసి, ఆ నెలను ఎవరికి వారు తేల్చుకొనే పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా తాడోబా నుంచే తీసుకున్నాను. తెలుగు రాష్ట్రాల నుంచి పులి కోసం బయలుదేరేవారిలో చాలామంది మొదట చేరేది అక్కడికే. కాజీపేట, బల్లార్షా మీదుగా రైలు మార్గం కూడా అనుకూలంగా ఉంటుంది.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- మీరు వెళ్లదలచిన అడవి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు మూసి ఉంటుందో, వారంలో ఏ రోజు సెలవో తెలిపే అధికారిక వివరాలు. ఇవి అటవీ శాఖ బుకింగ్ వెబ్‌సైటులోనే దొరుకుతాయి.
- ఆ జిల్లాలో ఈ ఏడాది ఎంత వాన పడిందో తెలిపే లెక్క. భారత వాతావరణ శాఖ జిల్లాల వారీగా ప్రకటిస్తుంది.
- పిల్లల బడి సెలవుల పట్టిక.
- వెంట వచ్చేవారి వయసులు, ఎండకూ చలికీ ఎవరు ఎంత తట్టుకోగలరన్న నిజాయితీ గల అంచనా.
- ఒక కాగితం, పెన్ను. దీనితో పని ఏమిటో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

1. నెల కంటే ముందు జంతువును ఎంచుకోండి

"అన్నీ చూడాలి" అనుకొని బయలుదేరినవారికి ఏదీ సరిగా కనిపించదు. పులి, ఏనుగుల గుంపు, ఖడ్గమృగం, వలస పక్షులు అనే నాలుగింటిలో ఒకటి ప్రధానమని పెట్టుకోండి. మిగిలినవి దారిలో కనిపిస్తే అదృష్టమే. పులికి ఎండాకాలం కావాలి. నీటి పక్షులకు నిండిన చెరువు కావాలి. ఈ రెండు కోరికలూ ఒకే ప్రయాణంలో తీరేవి కావని మొదటే ఒప్పుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

జంతువు పేరు కాగితంపై రాసి, దాని కింద అడవి పేరు రాయండి. అడవులు రెండు మూడు ఉన్నా ఫరవాలేదు.

2. మూసి ఉండే నెలలను కొట్టేయండి

ఇది అన్నింటికంటే తేలికైన పని, అయినా చాలామంది దీనినే ఆఖరున చేస్తారు. తాడోబా కోర్ ప్రాంతం, అంటే అడవి నడిబొడ్డు, జులై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు మూసి ఉంటుంది. తెరిచి ఉండే నెలల్లోనూ మంగళవారం సెలవు. మధ్యప్రదేశ్‌లోని కాన్హా, బాంధవ్‌గఢ్, పెంచ్ కూడా వానాకాలంలో కోర్ ద్వారాలు మూసుకుంటాయి. అక్కడ బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు. గుజరాత్‌లోని గిర్ సింహాలను చూడాలంటే జూన్ 16 నుంచి అక్టోబరు 15 వరకు ఆశ వదులుకోవాలి. కార్బెట్‌లోని ఢికాలా జోన్ జూన్ మధ్య నుంచి నవంబరు మధ్య వరకు మూతపడుతుంది. మన అమ్రాబాద్, కవ్వాల్, నాగార్జునసాగర్–శ్రీశైలం అడవుల్లో కూడా వానాకాలపు మూడు నెలలు సఫారీలు ఉండవు. కర్ణాటకలో కబిని వైపు నాగరహొళె అడవికి ఈ తరహా దీర్ఘ విరామం లేదు గాని, ఎండాకాలంలో కార్చిచ్చు రేగితే కొన్నాళ్లు నిలిపివేసే అవకాశం ఉంది.

హెచ్చరిక: "వానాకాలంలో కూడా తాడోబా తెరిచే ఉంటుంది" అని ఏజెంటు చెబితే అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. తెరిచి ఉండేవి కొన్ని బఫర్ ద్వారాలు మాత్రమే. బఫర్ అంటే కోర్ చుట్టూ ఉండే అడవి; ఊళ్లు, పొలాలు, పశువులు అన్నీ అందులోనే ఉంటాయి. అక్కడ కూడా పులులు తిరుగుతాయి. అయితే మీరు డబ్బు కట్టేది కోర్ సఫారీకా, బఫర్ సఫారీకా అన్నది రసీదులోని ద్వారం పేరు చూసి తెలుసుకోండి. మొహర్లి, కొలారా, నవేగావ్ పేర్లతో కోర్ ద్వారాలు ఉన్నట్లే, అదే ఊళ్ల పక్కన బఫర్ ద్వారాలూ ఉన్నాయి. తికమక పడేది ఇక్కడే.

3. మిగిలిన నెలల్లో నీటినీ ఆకునూ లెక్క వేయండి

సిద్ధాంతం ఇంతే: అడవిలో నీరు తగ్గిన కొద్దీ జంతువులు మిగిలిన నీటి దగ్గరకు చేరుతాయి, ఆకు రాలిన కొద్దీ మన చూపు లోపలికి పోతుంది. ఈ రెండూ కలిసే నెలలే మనకు కావలసినవి.

తాడోబా అడవి ప్రధానంగా టేకు, వెదురు, నల్లమద్ది, ఇప్ప, తునికి చెట్లతో నిండినది. అక్టోబరులో వానలు వెనుదిరిగే నాటికి ప్రతి గుంటలోనూ నీరు ఉంటుంది. గడ్డి మనిషి నడుమును దాటి ఉంటుంది. పులి దాహం తీర్చుకోవడానికి రోడ్డు దాటవలసిన అవసరమే ఉండదు. డిసెంబరు నాటికి గడ్డి పసుపు తిరుగుతుంది. ఫిబ్రవరిలో టేకు ఆకులు రాలుతాయి, మోదుగ పూస్తుంది. మార్చి నెలాఖరున ఇప్పపూలు రాలడం మొదలయ్యాక తెల్లవారుజామున ఎలుగుబంటి ఆ చెట్ల కింద తచ్చాడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో చిన్న గుంటలు ఎండిపోయి, తాడోబా చెరువు, తేలియా చెరువు వంటి పెద్ద నీటి వనరులు, అటవీ శాఖ నింపే తొట్లు మాత్రమే మిగులుతాయి. పులి రోజులో ఏదో ఒక వేళ వాటి దగ్గరకు రాక తప్పదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం అటువంటి తొట్టి ఎదుట జిప్సీలో (సఫారీ జీపులో) కూర్చున్నాము. ఇనుప కడ్డీని చేత్తో తాకలేనంత వేడి. నాలుగు దాటాక వెదురు పొదల నుంచి ఆడపులి వచ్చి, నీటి అంచున వెనక్కు తిరిగి, తోక ముందు తడిపి, వెనుక కాళ్లతో మెల్లగా నీళ్లలోకి దిగి కూర్చుంది. ముఖం మాత్రం మా వైపే. పులులు తరచుగా ఇలా వెనక్కి నడుస్తూ నీటిలోకి దిగుతాయి. అక్కడే ఇరవై నిమిషాల పాటు కదలకుండా ఉండిపోయింది. అక్టోబరులో ఈ దృశ్యం దాదాపు అసంభవం, ఎందుకంటే అప్పుడు అది ఏ వాగులో కూర్చున్నా ఒకటే, అడవంతా నీరే.

లెక్క వేసే పద్ధతి ఇది. మీ అడవిలో వానలు ఏ నెలలో ఆగుతాయో చూసి, అక్కడి నుంచి ఐదు నెలలు ముందుకు జరపండి. ఆకురాల్చే అడవి అయితే అక్కడి నుంచి మళ్లీ వానలు మొదలయ్యే దాకా పులికి అనువైన కాలం. చంద్రపూర్‌లో వానలు అక్టోబరు మొదటి పక్షంలో వెనుదిరుగుతాయి. ఐదు నెలలు కలిపితే మార్చి మధ్యకు వస్తుంది. జూన్ మధ్యలో మళ్లీ వానలు మొదలవుతాయి. కాబట్టి మార్చి మధ్య నుంచి జూన్ మొదటి వారం వరకు.

4. ఆ కాలాన్ని మళ్లీ ముక్కలుగా కోయండి

ఎండాకాలం అంతా ఒకటి కాదు. నా అంచనాలో కుటుంబంతో వెళ్లేవారికి మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు ఉన్న నెల రోజులే అన్నింటికంటే మేలు. పొద్దున చల్లగా ఉంటుంది, ఆకు రాలి ఉంటుంది, నీరు తగ్గుతూ ఉంటుంది. మే నెలలో పులి కనిపించే అవకాశం మరింత పెరిగే మాట నిజమే. కానీ చంద్రపూర్ దేశంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే పట్టణాల్లో ఒకటి. 45 డిగ్రీలు దాటడం అక్కడ వింతేమీ కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట మన ఇళ్లలో ఊరికే పుట్టలేదు. పైకప్పు లేని జిప్సీలో మూడు నాలుగు గంటలు ఆ ఎండలో కూర్చోవలసి ఉంటుందని గుర్తుంచుకొని, అయిదేళ్ల లోపు పిల్లలనూ గుండె జబ్బు, రక్తపోటు ఉన్న పెద్దలనూ మే మధ్యాహ్నపు సఫారీకి తీసుకువెళ్లకండి. వారిని పొద్దుటి సఫారీకి పరిమితం చేయండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పులి కోసం కాకుండా అడవి కోసం వెళ్లేవారికి బాగుంటుంది. పొగమంచు, పచ్చిక, ఎండలో ఒళ్లు కాచుకొనే మొసళ్లు, చెరువుల్లో వలస బాతులు ఉంటాయి. కాన్హాలో బారాసింగాల మగజింకలు కొమ్ములకు గడ్డి చుట్టుకొని అరిచే కాలం కూడా ఈ చలికాలమే. దాన్ని చూడటానికే ఒకసారి వెళ్లవచ్చు. అయితే అక్కడ డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల చలిని తక్కువ అంచనా వేయకండి. గడ్డి మీద మంచు గడ్డకట్టిన రోజులు ఉంటాయి. కదిలే జిప్సీలో గాలి ఎముకలు కొరుకుతుంది. స్వెట్టరు ఒక్కటి సరిపోదు. గాలి చొరబడని కోటు, చేతి తొడుగులు, మంకీ క్యాప్ వెంట ఉండాలి.

అక్టోబరు సంగతి వేరుగా చెప్పాలి. మూడు నెలల తరువాత ద్వారాలు తెరుచుకున్నాయన్న ఉత్సాహంతో, దసరా సెలవులు కలిసివచ్చాయన్న సంబరంతో ఆ నెలలో ఎందరో బయలుదేరుతారు. నేనూ ఒకసారి అలాగే వెళ్లాను. ఏ అడవికన్నది ఇక్కడ అనవసరం. నాలుగు సఫారీలకు డబ్బు కట్టి, నాలుగింటిలోనూ పచ్చటి గడ్డిని, దాని మధ్య కదిలిన గడ్డిని చూసి వచ్చాము. రెండో రోజు కణితి (సాంబార్ జింక) గట్టిగా అరిచింది, కొండముచ్చు కూడా హెచ్చరించింది. పులి మాకు పాతిక అడుగుల దూరంలోనే ఉందని గైడ్ చెప్పాడు. ఉండవచ్చు.

5. పులి కాకపోతే లెక్క మారుతుంది

ఏనుగుల గుంపు చూడాలనుకొనేవారు కబినికి వెళ్లండి. నాగరహొళె, బందీపూర్ అడవుల మధ్య 1974లో పూర్తయిన కబిని జలాశయం వానాకాలంలో నిండి, ఫిబ్రవరి నుంచి వెనక్కి తగ్గుతూ వస్తుంది. నీరు తొలగిన నేలపై లేత గడ్డి మొలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ గడ్డి కోసమూ నీటి కోసమూ ఏనుగులు గుంపులు గుంపులుగా ఒడ్డుకు చేరుతాయి. ఏనుగు గడ్డిని తొండంతో పెరికి, వేళ్లకు అంటిన మట్టి రాలేదాకా ముందరి కాలికేసి కొట్టి, ఆ తరువాతే నోట పెట్టుకోవడం అక్కడ తీరిగ్గా చూడవచ్చు. ఒక జాగ్రత్త: దక్షిణ కర్ణాటకలో ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులతో ముందస్తు వానలు పడతాయి. రెండు గట్టి వానలు పడితే అడవి లోపల గుంటలు నిండి, గుంపులు మళ్లీ చెదిరిపోతాయి. అందుకని కబినికి ఏప్రిల్ మొదటి పక్షాన్ని ఎంచుకోవడం క్షేమం.

కజిరంగా ఖడ్గమృగానికి ఆకు కాదు, గడ్డి ప్రధానం. బ్రహ్మపుత్ర వరదల వల్ల వానాకాలమంతా అడవి మూసి ఉంటుంది. శీతాకాలం చివర అటవీ శాఖ పాత గడ్డిని తగులబెట్టిన తరువాత నేల తేటపడి, లేత గడ్డి మొలిచి, ఖడ్గమృగాలు బయటకు వస్తాయి. కాబట్టి ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు అనుకూలం. క్రిస్మస్ సెలవుల్లోనే వెళ్లక తప్పదంటే, అస్సాంలో డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుందన్న సంగతి మరచిపోకండి. మధ్యాహ్నపు సఫారీ భోజనం పూర్తికాకముందే మొదలవుతుంది.

నీటి పక్షులకు మన ఆంధ్ర తీరమే చాలు. ఇక్కడ చాలామంది పడే తప్పు ఒకటుంది. అక్టోబరులో చంద్రపూర్‌ను వదిలి వెళ్లే వానలు, అదే అక్టోబరులో నెల్లూరు తీరానికి ఈశాన్య రుతుపవనాల రూపంలో చేరుతాయి. సూళ్లూరుపేట దగ్గరి పులికాట్, నేలపట్టు చెరువు నిండేది ఆ వానలకే. అక్కడ వలస పక్షుల కాలం అక్టోబరు నుంచి మార్చి వరకు అని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. కానీ నవంబరులో తుపానుల భయం ఉంటుంది, దారులు బురదమయం అవుతాయి. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లండి. ఆ సమయానికి నేలపట్టులో నీటిలో నిలిచిన కడప చెట్ల కొమ్మలపై గూడబాతులు పిల్లలకు మేత పెడుతూ ఉంటాయి, పులికాట్‌లో ఫ్లెమింగోలు బారులు తీరుతాయి. వానలు సరిగా పడని ఏడాది చెరువు నిండదు, పక్షులూ పలచబడతాయి. అప్పుడు ప్రత్యామ్నాయంగా కైకలూరు దగ్గరి ఆటపాకకు మళ్లండి. కొల్లేరు అంచున ఉన్న అక్కడి రక్షిత కేంద్రంలో పడవపై గూడబాతుల గూళ్ల సమీపం దాకా వెళ్లవచ్చు.

నల్లమల గురించి కూడా తరచుగా అడుగుతారు. అమ్రాబాద్ గాని, శ్రీశైలం వైపు తుమ్మలబైలు గాని పులి కచ్చితంగా కనిపించే చోట్లు కావు. అది విశాలమైన కొండల అడవి, పులికి దాక్కోవడానికి చోటు పుష్కలం. అడవి అందం కోసం నవంబరు నుంచి జనవరి వరకు, జంతువుల కోసం మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లండి. అయితే మార్చి, ఏప్రిల్ అంటే ఉగాదికి శ్రీశైలం నడిచి వచ్చే కన్నడ భక్తులు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. ఆ రోజుల్లో మన్ననూరు, ఫరహాబాద్ దారి జనంతో కిటకిటలాడుతుంది; మహాశివరాత్రికీ అంతే. పంచాంగం చూసి ఆ తేదీలను తప్పించండి. మన్ననూరు దాటి శ్రీశైలం వెళ్లే అడవి రోడ్డులో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించరు కాబట్టి, చీకటి పడే వేళకు చేరుకొనేలా బయలుదేరకండి.

విదేశాల్లో ఉండి ఆఫ్రికా వెళ్లదలచినవారికి కూడా ఇదే లెక్క పని చేస్తుంది, నెలలే తారుమారవుతాయి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌లో వానలు అక్టోబరు నుంచి మార్చి వరకు పడతాయి కాబట్టి మన వానాకాలమే అక్కడ పొడి కాలం. కెన్యాలోని మసాయి మారాకు అడవి దున్నల్లాంటి వైల్డబీస్ట్ మందలు సాధారణంగా జులై నుంచి అక్టోబరు వరకు వస్తాయి. అవి నది దాటే తేదీని మాత్రం ఏ కంపెనీ హామీ ఇచ్చినా నమ్మకండి.

6. ఇప్పుడు సెలవులను తెచ్చి పక్కన పెట్టండి

సెలవులను ముందు పెట్టుకొని అడవిని వెతికితే దసరా అక్టోబరులో ఇరుక్కుంటారు. అడవి నెలలను ముందు తేల్చుకొని, వాటిలో ఏ సెలవు ఇముడుతుందో చూడండి. మన బళ్లకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు వేసవి సెలవులు. అందులో తాడోబాకు తగినది ఏప్రిల్ చివరి వారమే. ఆ తరువాత ఎండ ముదురుతుంది. సంక్రాంతి సెలవులు పులికాట్‌కు, ఆటపాకకు సరిగ్గా అతుకుతాయి. దసరాకు ఎక్కడికైనా వెళ్లి తీరాలంటే పులి ఆశ వదిలి పచ్చదనం చూడటానికి వెళ్లండి, లేదా ఆ సెలవులను ఇంట్లోనే గడిపి డబ్బు వేసవికి దాచుకోండి.

తేదీలు తేలాక శని, ఆదివారాలను తప్పించండి. తాడోబాలో వారాంతపు రుసుము ఎక్కువ, జిప్సీలూ ఎక్కువ. బుకింగ్ నెలల ముందే మొదలవుతుంది; వేసవి శనివారాలు తెరిచిన రోజే అయిపోతాయి. పేరు, వయసు, గుర్తింపు కార్డు సంఖ్య బుకింగ్ నాడే నమోదు చేస్తారు; ద్వారం దగ్గర అదే కార్డు అసలుది చూపాలి. పేరులో అక్షరం తేడా ఉన్నా, ఆధార్ ఇచ్చి ఓటరు కార్డు తెచ్చినా అక్కడ వాదించి ప్రయోజనం ఉండదు.

7. ఎన్ని సఫారీలు, ఏ పూట?

ఒక్క సఫారీ చేసి "కాలం తప్పు" అని తీర్మానించకండి. ఎంత మంచి నెలలోనైనా ఒక పూట అడవి మౌనంగా ఉండిపోవచ్చు. నాలుగు సఫారీలు తగిన సంఖ్య, మూడుకు తగ్గవద్దు. అన్నీ ఒకే ద్వారం నుంచి కాకుండా రెండు ద్వారాలకు పంచుకోవడం మంచిదని కొందరు అంటారు. నేను మాత్రం వేసవిలో ఒకే ద్వారానికి కట్టుబడతాను, ఎందుకంటే నిన్న చూసిన నీటి తొట్టి దగ్గరకే ఈ రోజు మళ్లీ వెళ్లడంలో లాభం ఉంది.

వేసవిలో పొద్దుటి సఫారీలో మొదటి గంటన్నర, మధ్యాహ్నపు సఫారీలో చివరి రెండు గంటలు విలువైనవి. శీతాకాలంలో ఇది తారుమారు: తెల్లవారుజామున పొగమంచులో ఏమీ కనిపించదు, ఎండ పొడిచాక జింకలు మైదానంలోకి వస్తాయి. కాబట్టి జనవరిలో రెండే సఫారీలకు డబ్బు ఉంటే మధ్యాహ్నపు పూటలే తీసుకోండి.

8. పది రోజుల ముందు సరిచూసుకోండి

వాతావరణ శాఖ లెక్కలో ఆ జిల్లాకు గడచిన రెండు వారాల్లో ఎంత వాన పడిందో చూడండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తాడోబా ఉన్న విదర్భలో అకాల వానలు, వడగళ్లు అరుదు కాదు. ఒక గట్టి వాన పడితే నాలుగైదు రోజుల పాటు పులి నీటి తొట్లను పట్టించుకోదు. అలాగని ప్రయాణం రద్దు చేసుకోవలసిన అవసరం లేదు, వాన పడిన మరునాటి మట్టిలో అడుగుజాడలు చక్కగా కనిపిస్తాయి.

తరువాత మీ బసకు గాని, గైడ్‌కు గాని ఫోను చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. "పులి కనిపిస్తోందా?" అని అడగకండి; దానికి ఏడాది పొడవునా ఒకటే జవాబు, "కనిపిస్తోంది సార్, నిన్ననే చూశాం." అడగవలసినవి ఇవి:

- ఏ గుంటలో ఇంకా నీరుంది, ఏవి ఎండాయి?
- గడ్డి ఇప్పుడు మోకాలి ఎత్తా, నడుము ఎత్తా?
- గడచిన వారంలో ఏ రోడ్లు మూసి ఉంచారు?
- తునికాకు కోత మొదలైందా?

చివరి ప్రశ్న బఫర్ సఫారీలకు ముఖ్యం. ఏప్రిల్ ఆఖరు నుంచి బఫర్ ఊళ్లవారు తెల్లవారకముందే ఆకు కోతకు అడవిలోకి వెళతారు. మనుషుల అలికిడికి జంతువులు ఆ పక్కకు రావు. ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే గైడ్ దొరికితే అతని పేరు రాసుకోండి.

ఎక్కువగా జరిగే తప్పులు

ఇంటర్నెట్‌లోని ఫొటో చూసి నెలను ఊహించడం మొదటిది. పచ్చటి గడ్డిలో పులి ఉన్న ఫొటో అందంగా ఉంటుంది, దాన్ని తీసినవారు ఎన్ని ఉదయాలు ఖాళీ చేతులతో తిరిగి వచ్చారో అందులో కనిపించదు. రెండోది, ఒక అడవి నెలను మరో అడవికి అతికించడం. సాల వృక్షాలు నిండిన కాన్హాలో ఆకు టేకు అడవిలోలాగా ఒక్కసారిగా రాలదు, కాబట్టి అక్కడ ఫిబ్రవరి కంటే ఏప్రిల్ చాలా మెరుగు. జూన్ రెండో వారపు చౌక ధర చూసి మోసపోవడం మరొకటి. మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడితే మీరు వెళ్లే నాటికి అడవి చిగురించి, నీరు అంతటా పరచుకొని ఉంటుంది. ఇక ఎండకు భయపడి ముదురు రంగుల గొడుగు జిప్సీలో విప్పినవారిని కూడా చూశాను. గైడ్ పరుగున వచ్చి మూయించాడు. లేత మట్టి రంగు నూలు బట్టలు, తడి తువాలు, మనిషికి రెండు లీటర్ల నీరు, ఓఆర్ఎస్ పొట్లాలు చాలు.

సరైన కాలంలోనే వచ్చామా అని చూసుకోవడం

పులి కనిపించడం ఒక్కదానితో కాలాన్ని తూచకండి. తొలి సఫారీలోనే ఈ మూడూ గమనించి, ఆ కాగితంపై రాయండి.

ఒకటి, రోడ్డుపై ఆగినప్పుడు అడవి లోపలికి చూపు ఎంత దూరం పోతోంది? పది అడుగుల దగ్గరే పచ్చని గోడ అడ్డు వస్తే మీరు తొందరపడి వచ్చారు. యాభై, అరవై అడుగుల లోపల ఉన్న జింక కాళ్లు కూడా లెక్కపెట్టగలిగితే కాలం సరైనదే.

రెండు, నీటి దగ్గర ఎన్ని రకాల అడుగుజాడలు ఉన్నాయి? జిప్సీ దిగకూడదు, గైడ్‌ను అడిగి చూపించుకోండి. చుక్కల జింక, అడవి పంది, అడవి దున్న, కణితి అన్నీ ఒకే గుంట చుట్టూ బురద తొక్కి ఉంటే మిగతా గుంటలు ఎండిపోయాయని అర్థం.

మూడు, జిప్సీలు తిరుగుతున్నాయా, ఆగి ఉంటున్నాయా? గైడ్‌లు ఒక నీటి తొట్టి దగ్గర ఆగి ఎదురుచూస్తున్నారంటే జంతువు అక్కడికి వస్తుందన్న నమ్మకం వారికి ఉంది. రోడ్ల వెంట చుట్టూ తిప్పుతూనే ఉన్నారంటే నీరు ఇంకా అన్నిచోట్లా ఉంది.

మూడింటికీ జవాబు అనుకూలంగా ఉండి పులి కనిపించకపోతే వచ్చే ఏడాది అదే వారానికి మళ్లీ బుక్ చేసుకోండి, నెల మార్చకండి. మూడింటిలో రెండు ప్రతికూలంగా ఉంటే వచ్చే ఏడాది మూడు వారాలు ఆలస్యంగా బయలుదేరండి. తేదీ, ద్వారం పేరు, గడ్డి ఎత్తు, వాన లెక్క, గైడ్ పేరు ఆ కాగితంపైనే రాసి, బుకింగ్ రసీదుతో కలిపి దాచండి.